డిక్కీలో టెనర్

మా ఆయనకు థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక పాటలో పై స్వరాలు పోయాయి. మాటకేం ఢోకా లేదు. బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పడానికీ, ఇంట్లో నాతో వాదించడానికీ గొంతు నిక్షేపంలా ఉంది. పాడబోతే మాత్రం ఒక మెట్టు ఎక్కాక ఇంక పైకి పోదు, వట్టి గాలి వస్తుంది. ఇలా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పారు. నేను నర్సుని కాబట్టి నాకు అంతకు ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన మింగుడుపడదు కదా.

వైట్‌ఫీల్డ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆయన మా పెళ్ళికి ముందు నుంచీ టెనర్ పాడేవారు. ఆరాధనలో పాడే బృందాన్ని క్వయర్ అంటారు, ఆ సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆడవాళ్ళలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవాళ్ళలో పై గొంతు టెనర్, కింది గొంతు బేస్. నలుగురూ నాలుగు దారుల్లో నడిస్తే ఒక పాట అవుతుంది. అసలు రాగం సొప్రానోలది, తళుకంతా టెనర్లది. నేను ఆల్టో, మాది కూరలో ఉప్పు ఉద్యోగం, ఉన్నప్పుడు ఎవరూ మెచ్చుకోరు. ఇక బేస్ వరస అంటే మా సంఘంలో రిటైరైన పెద్దమనుషుల బెంచీ. శ్రుతి సరిగా నిలబడనివాళ్ళను నొప్పించకుండా తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టడం మా ఆనవాయితీ.

అందుకే క్వయర్ మాస్టారు ఆసుపత్రికి పళ్ళు పట్టుకొచ్చి, "తమ్ముడూ, బేస్‌లోకి వచ్చెయ్" అన్నప్పుడు మా ఆయన "చూద్దాం" అన్నారు. ఈయన చూద్దాం అంటే కుదరదని అర్థం. కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలియదా. అప్పటి నుంచి ఆరాధనలో వెనక బెంచీలో కూర్చుని పెదవులు మాత్రం కదిపేవారు. కొన్నాళ్ళకు అది కూడా మానేశారు. కారులో నేను పాటలు పెడితే సౌండు తగ్గించి ట్రాఫిక్ గురించి మాట్లాడేవారు. ఈ మనిషి మళ్ళీ పాడతాడా, పాడడా అన్నదే నా దిగులు. పైకి అనేదాన్ని కాదు గానీ, ఆ దిగులంతా నాకు కోపంగా బయటికి వచ్చేది. గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టేదాన్ని.

అలాంటి రోజుల్లో ఇంటికి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. విప్పితే నల్లటి చెక్క డబ్బా, దాని ముఖాన పళ్ళెమంత స్పీకరు. సబ్‌వూఫరట. పాటలో బాగా కింద ఉండే శబ్దాలను, వాటినీ బేసనే అంటారట, అంటే డ్రమ్ము దెబ్బనూ కీబోర్డు ఎడమచేతి స్వరాలనూ మామూలు కారు స్పీకర్లు పలకలేవనీ, ఇది పలుకుతుందనీ నాకు వివరించారు. పాటలే వినని మనిషికి ఇదెందుకని అడిగాను. కారు సౌండు పలచగా ఉంది, చెవిలో గుచ్చుకుంటోంది అన్నారు. తల లేనివాడికి తలపాగా ఎందుకని నా నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను.

బిగించడానికి మారతహళ్ళి వైపు ఒక దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు తాతల నాటి నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాడు. బ్యాటరీ నుంచి ఒక లావుపాటి ఎర్ర వైరు తీసి, మధ్యలో ఫ్యూజు పెట్టి, కాళ్ళ కింది తివాచీ లోపలి నుంచి డిక్కీ దాకా లాగాడు. అక్కడ డబ్బా, దాని పక్కన యాంప్లిఫయరు. పని శుభ్రంగా చేశాడు, కాదనను. ఆ తర్వాత తన ఇష్టప్రకారం యాంప్లిఫయరు మీది నాబులన్నీ తిప్పి, ఒక డప్పు పాట పెట్టి, తలుపులు మూశాడు. నా పొట్టలో పొద్దున తిన్న ఉప్మా కదిలింది. మా ఆయన సీటు అంచు పట్టుకున్నారు.

"గుండె అదరల్ల అక్కా, అప్పుడే అది బేసు," అన్నాడు దుకాణదారు కిటికీలోంచి వంగి. "ఇంకా శానా దమ్ము ఉండాది దీంట్లో. సారే భయపడతా ఉండాడు."

గుండె అదిరితే ఎక్కడికి తీసుకొస్తారో నాకు తెలుసు, నేను పని చేసేది అక్కడే అన్నాను. అతను పడిపడి నవ్వాడు గానీ నాబు ఒక్క పిసరు కూడా తగ్గించలేదు.

బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంటుకు చేరేసరికి సెక్యూరిటీ ఆయన గేటు తీయకుండా ముందు వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఏ పెళ్ళి ఊరేగింపో దారి తప్పిందనుకున్నాడేమో. తగ్గిస్తే అసలు బేసే లేదు, పెంచితే ఇంక వేరే ఏదీ లేదు. మా ఆయన ముఖం చిన్నబోయింది. అది చూస్తే జాలేసింది. ఇన్నాళ్ళకు ఒకదాని మీద మనసు పెట్టారు, అదీ ఇలా అయిందే అనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆరాధన తర్వాత సంఘం వాళ్ళకు ఈ సంగతి తెలిసిపోయింది. మా వాళ్ళకు ఒక అలవాటు ఉంది. కొత్త బండి కొన్నా, కొత్త ఫ్రిజ్జు కొన్నా అయ్యగారి చేత ప్రార్థన చేయించుకోవాలి. సబ్‌వూఫరుకు ఎవరూ చేయించినట్టు నాకు గుర్తు లేదు. మా పాస్టరు అయ్యగారు మాత్రం ఏ మాత్రం తడుముకోకుండా డిక్కీ తెరిపించి, ఆ నల్ల డబ్బా మీద చెయ్యి పెట్టి, ఇందులోంచి వచ్చే ప్రతి శబ్దమూ మంచి శబ్దమై ఉండాలని ప్రార్థించారు. ఆమెన్ అనడం ఆలస్యం, టీ కప్పులతో అందరూ కారు చుట్టూ మూగారు.

ఇక చూడాలి తమాషా. ఒక్కొక్కరే డ్రైవరు సీట్లో కూర్చుని వినడం, దిగి వచ్చి డిక్కీలో ఒక నాబు తిప్పడం. సొప్రానోలు వచ్చి ఈ దడదడలో పాట మునిగిపోతోందని తగ్గించారు. బేస్ పెద్దమనుషులిద్దరూ వచ్చి ఇప్పటికి కదా మా వాటా వినిపిస్తోందని పెంచారు. డ్రమ్ములు వాయించే అబ్బాయికి డ్రమ్ములు చాలలేదు. అయ్యగారి భార్య, మేం అమ్మగారని పిలుస్తాం, ప్రసంగం పెట్టి చూడమన్నారు. పెడితే అయ్యగారి గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. ఎవరి పార్టు వాళ్ళకు వినపడాలి, అంతే. తలా ఒక చెయ్యి వేశాక ఆ డబ్బా ఏ పాటా పలకని స్థితికి వచ్చింది. మా ఆయన పక్కన నిలబడి టీ తాగుతున్నారు. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. ఇంటికెళ్ళి మన చెవులతో మనమే చేసుకుందాం పదండి అన్నాను.

శనివారం నాకు డ్యూటీ లేదు, ఆయనకు బడి లేదు. పొద్దున్నే మా అపార్ట్‌మెంటు కింద, బేస్‌మెంటు పార్కింగులో మొదలుపెట్టాం. నాబులన్నీ యాంప్లిఫయరు మీదే ఉన్నాయి కాబట్టి పద్ధతి ఒకటే: ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని వినాలి, నేను డిక్కీ దగ్గర వంగి తిప్పాలి. ఆయన చెప్తారు, నేను తిప్పుతాను, మళ్ళీ ఆయన చెప్తారు. గెయిన్ అనే నాబు డబ్బా ఎంత గట్టిగా పలకాలో చెబుతుంది. క్రాసోవర్ అనేది ఎంత పై స్వరం దాకా అది పలకవచ్చో చెబుతుంది. అక్కడి నుంచి పైదంతా ముందు స్పీకర్లు చూసుకుంటాయి. ఫేజ్ అనే చిన్న స్విచ్చు అటూ ఇటూ వేసి, ఎటు వేస్తే బేసు నిండుగా ఉందో అటు ఉంచాలి. ఇదంతా ఆయన వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. గంటసేపు కుస్తీ పడ్డాక అద్భుతంగా కుదిరింది. ఇద్దరం చేతులు దులుపుకుని, గేటు దాటి రోడ్డెక్కాం.

బేసు లేదు. ఎక్కడికి పోయిందో పోయింది. అప్పటిదాకా మేం విన్నది సబ్‌వూఫరును కాదు, సిమెంటు గోడల మధ్య తిరిగే మోతను. మా ఆయన స్టీరింగు మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టారు. చాన్నాళ్ళకు అలా నవ్వారు. నాకూ నవ్వాగలేదు. వెనక నుంచి ఆటోవాడు హారను కొట్టాడు.

ఇంకా ఇళ్ళు లేని ఒక లేఅవుట్ ఉంది మా వెనక. రోడ్లు వేసి, రాళ్ళు పాతి, అమ్మకానికి పెట్టారు. అక్కడ చెట్టు కింద కారాపి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు కొత్త బాధ. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా ఎక్కడో గలగలమని ఒక చప్పుడు. నంబరు ప్లేటు కావచ్చన్నారు. దాని వెనక స్పాంజి టేపు అంటించాం, చప్పుడు పోలేదు. మీరు డ్యాష్‌బోర్డు అరలో పడేసే చెత్తే ఇదంతా అని నేను. దాన్ని ఖాళీ చేసినా పోలేదు. ఇక నా బ్యాగులోంచి స్టెతస్కోపు తీశాను. పాట ఆడిస్తూ, ఆయాసపడే పేషెంటు వీపు చూసినట్టు, కారు తలుపులన్నీ ఒక్కొక్కటిగా విన్నాను. డిక్కీ తలుపు బాగుంది. వెనక తలుపులు బాగున్నాయి. ముందు, నేను కూర్చునే వైపు తలుపులో గురక. తీరా చెయ్యి పెట్టి చూస్తే నా టిఫిన్ డబ్బా చెంచా. ఎప్పుడు జారిందో ఆ తలుపు అర లోపల, అడుగున పడి ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టామన్నమాట, అదీ నా ఎలుకే. ఆయన ఏమీ అనకుండా ఆ చెంచాను రుమాలుతో తుడిచి నా చేతిలో పెట్టారు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

అప్పటిదాకా మేం వింటున్నవి ఆయన ఫోనులో దించుకున్న పాటలు, కేవలం ఇలాంటి డబ్బాలను పరీక్షించడానికి చేసినవి. వాటికి మాటలు లేవు, తలాతోకా లేదు. నాకు తల నొప్పి మొదలైంది. తెలియని పాటకు బాగుందో లేదో నేనెలా చెప్పగలను, తెలిసిన పాట పెట్టండి అన్నాను. ఏం పెట్టమంటావన్నారు. నా ఫోనులో, ఆపరేషన్‌కు ముందు క్రిస్మస్‌కు మా క్వయర్ పాడిన పాట ఉంది. సంఘంలో మైకుల నుంచి నేరుగా రికార్డు చేసింది, నాలుగు గొంతులూ స్పష్టంగా ఉంటాయి. ఆయన ఆపరేషన్ తర్వాత దాన్ని విననే లేదు. పెట్టవచ్చా అని కొంచెం వెనకాడాను. తర్వాత, అయ్యేదేదో అవుతుందని పెట్టేసి డిక్కీ దగ్గరికి వెళ్ళాను.

పాట మొదలైంది. క్రాసోవరు కొంచెం పెంచమన్నారు. పెంచాను. ఇంకొంచెం అన్నారు. పెంచాను. ఇంకా అన్నారు. దాన్ని అంత పైకి పెట్టకూడదని వీడియోల్లో చెప్పారని నాకు వివరించింది ఈయనే. అయినా చెప్పినట్టే తిప్పాను. నాబు చివరిదాకా వచ్చేసింది. అప్పుడు నా ముఖం ముందున్న ఆ నల్ల డబ్బాలోంచి మా ఆయన గొంతు వినిపించింది. పాత గొంతు. ఆడవాళ్ళ గొంతులన్నీ ముందు సీట్ల దగ్గరుంటే, ఈయన మాత్రం డిక్కీలో నా ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుంది.

ఏం జరిగిందో నాకు అర్థమైంది. ఆయన బేసు కోసం వినడం లేదు, తన గొంతు కోసం వింటున్నారు. ఆ గొంతు నిండుగా వినపడేదాకా నాబును పైకి తీసుకుపోయారు. ఇన్నేళ్ళూ పాటంటే ఆయనకు టెనరే కదా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డిక్కీ తలుపు చాటున ఉన్నాను కాబట్టి ఆయనకు కనపడలేదు. ఆ గొంతు నాకు కూడా చాలా ఇష్టం. నేను ఆ గొంతును చూసే ఒప్పుకున్నాను ఈ సంబంధానికి.

పాట అయిపోయింది. నేను వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను.

"ఇలా ఉంచేద్దామా?" అని అడిగాను. తప్పు సెట్టింగని నాకు తెలుసు. అయినా నిజంగానే అడిగాను, ఆయన ఊఁ అంటే అలాగే ఉంచేదాన్ని.

ఆయన అద్దంలోంచి డిక్కీ వైపు చూశారు. "మనిషి వెనక సీటు వెనకాల దాక్కుని పాడుతున్నట్టుంది," అన్నారు. "బాగాలేదు. తగ్గించు."

మళ్ళీ పాట పెట్టి, ఈసారి మెల్లగా కిందికి తిప్పుతూ వచ్చాను. ఆయన ఆపమనలేదు. తిప్పుతున్నకొద్దీ ఆ గొంతు డబ్బాలోంచి కొంచెం కొంచెంగా తప్పుకుని, ముందుకు పోయి, మిగతా టెనర్లలో కలిసిపోయింది. డబ్బాలో కీబోర్డు ఎడమచెయ్యీ, దాని మీద మా పెద్దమనుషులిద్దరి బరువైన గొంతులూ మిగిలాయి. ఆ పాటను నేను ఎన్నిసార్లు పాడి ఉంటానో. దాని కింద అలాంటి నడక ఒకటుందని అప్పుడే విన్నాను. సొప్రానోలు సాగదీసి నిలబడ్డ చోటల్లా కింద వీళ్ళు అడుగు మార్చుతున్నారు, అప్పుడు పైన నిలబడ్డ స్వరానికి రంగు మారుతోంది.

"ఆపు," అన్నారు మా ఆయన. "అక్కడే. ముట్టుకోకు."

డిక్కీ మూసి వచ్చి కూర్చున్నాను. ఆయన కారు తీయలేదు. పాటను వెనక్కి జరిపి మొదటి చరణం ఇంకోసారి విన్నారు, మళ్ళీ జరిపారు. ఈ ముసలివాళ్ళు ఇంత పని చేస్తున్నారా ఇన్నాళ్ళూ అన్నారు. వాళ్ళు అడుగు మార్చే చోట నేను నా పై స్వరానికి ఊపిరి తీసుకుంటూ ఉండేవాణ్ణి, అందుకే విననే లేదు అన్నారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.

లేఅవుట్ దాటి మెయిన్ రోడ్డుకు వచ్చేసరికి ఎప్పటిలాగే వాహనాలు ఆగిపోయి ఉన్నాయి. పాట నాలుగోసారో ఐదోసారో నడుస్తోంది. ఏదో మూలుగులా వినిపిస్తే మళ్ళీ ఇంకో చెంచానేమో అనుకున్నాను. తలుపు అర తడిమాను కూడా. చప్పుడు కారుది కాదు. ఆయన స్టీరింగు మీద వేలితో తాళం వేస్తూ, పెదవులు పూర్తిగా తెరవకుండా ఆ కింది వరస పట్టుకుని పోతున్నారు. మూడో వాక్యంలో అలవాటుగా పైకి ఎగిరారు, గాలి మాత్రం వచ్చింది. ఆయన దగ్గి, మళ్ళీ కిందికి దిగి, దొరికిన చోట అందుకున్నారు. పల్లవి వచ్చేసరికి నోరు తెరిచి పాడుతున్నారు. ఆ గొంతు నాకు కొత్త. కొంచెం గరుకుగా, కొంచెం వెడల్పుగా ఉంది. తప్పులు కూడా బోలెడు.

చరణం అయ్యాక చెయ్యి చాపి పాట ఆపేశారు. అంతే, మళ్ళీ మానేశారనుకున్నాను. కానీ ఆయన ఒంటరిగా, తోడు ఏదీ లేకుండా, ఆ వరసను మొదటి నుంచి ఎత్తుకున్నారు. నాలుగు వాక్యాలు పాడి నిలిపేసి, నావైపు తిరిగారు.

"ఒక్కణ్ణే పాడితే ఇదసలు పాటలాగే లేదే," అన్నారు. "టెనరైతే ఒక్కడే ఎక్కడైనా పాడుకోవచ్చు. దీనికి పక్కన మనిషి కావాలి. నువ్వు ఆల్టో అందుకో."

ఇన్నేళ్ళ కాపురంలో ఆల్టో కావాలని నన్ను ఎవరూ అడగలేదు, ఈయనతో సహా. గొంతు సవరించుకుని అందుకున్నాను. ఆయన కింద, నేను పైన. అసలు రాగం పాడేవాళ్ళు కారులో ఎవరూ లేరు కాబట్టి, పక్క కారువాళ్ళు వింటే అది ఏ పాటో పోల్చుకోవడం వాళ్ళ తరం కాదు. మాకు మాత్రం మధ్యలో ఆ రాగం ఉన్నట్టే ఉంది. ముందు బస్సు కదిలింది. ఆయన కారు ముందుకు పోనిస్తూ, పాట ఆపకుండానే, రెండో చరణం ఎత్తుకోమని నాకు చేత్తో సైగ చేశారు.